రంగం దూరమా, సింగపూర్ దూరమా?

ఈ రోజు రెండు నగరాల మధ్య దూరం గురించి మాట్లాడుకుందాం. ఒకటి రంగూన్. ఇప్పుడు దాన్ని యాంగోన్ అంటున్నారు. రెండోది సింగపూర్. రెండూ ఆగ్నేయాసియా నగరాలే. వాటి మధ్య గగనమార్గాన సుమారు 1,930 కిలోమీటర్లు. నేరుగా వెళ్ళే విమానంలో దాదాపు మూడు గంటల ప్రయాణం.

ఈ లెక్కతో ఉత్తరాంధ్రలోని మాడుగులలో కూర్చున్న మనకేం పని అనిపించవచ్చు. పని ఉంది. మన తాతల కాలంలో ఈ చుట్టుపక్కల ఊళ్ళలో బతుకుతెరువు కోసం సముద్రం దాటినవాళ్ళను 'రంగం వెళ్ళారు' అనేవారు; రంగం అంటే రంగూనే. ఈ తరంలో చదువుకున్న పిల్లలు సింగపూర్ వెళుతున్నారు. ఉత్తరాంధ్ర గడపలకు ఈ రెండు ఊళ్ళూ పరాయివి కావు. మరి మనకు ఏది దగ్గర, ఏది దూరం? పటం ఒక జవాబు చెబుతుంది. ప్రయాణం చేసి చూస్తే దానికి సరిగ్గా తిరగబడిన జవాబు వస్తుంది. ఎందుకలా వస్తుందో చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందు పటం సంగతి. ఇంట్లో పిల్లల దగ్గర గ్లోబు ఉంటే మంచిది. విశాఖపట్నం మీద దారం కొస పెట్టి, రెండో కొసను రంగూన్ దాకా బిగువుగా లాగండి. ఆ పొడవును నేల మీది దూరంగా మారిస్తే సుమారు 1,370 కిలోమీటర్లు వస్తుంది. అదే దారాన్ని విశాఖ నుంచి ఢిల్లీకి లాగండి. సుమారు 1,360. అంటే మన తీరానికి ఢిల్లీ ఎంత దూరమో, రంగూన్ కూడా అంతే దూరం. ఒకటి మన దేశ రాజధాని, రెండోది సముద్రానికి అవతలి దేశం కాబట్టి మన మనసులో రంగూన్ ఎక్కడో ఉన్నట్టు అనిపిస్తుంది. దారం మాత్రం రెండింటికీ ఒకటే పొడవు చూపిస్తుంది.

ఇప్పుడు దారాన్ని ఇంకా తూర్పుకూ దక్షిణానికీ జరపండి. బ్యాంకాక్‌కు సుమారు 1,910 కిలోమీటర్లు. కౌలాలంపూర్‌కు 2,600 పైచిలుకు. సింగపూర్‌కు దాదాపు 2,910. సింగపూర్ వెళ్ళే దూరంలో సగం కూడా లేదు రంగూన్.

గ్లోబు మీద బిగువుగా లాగిన దారమే విమానానికి దగ్గరి దారి. గోడకు తగిలించిన పటం మీద స్కేలు పెట్టి గీసిన గీతను అన్నిచోట్లా నమ్మలేం. గుండ్రటి భూమిని చదును చేసి అచ్చు వేసినప్పుడు ధ్రువాల వైపు దూరాలు సాగిపోతాయి. హైదరాబాదు నుంచి అమెరికా పడమటి తీరానికి దారం లాగి చూడండి, అది ఉత్తరధ్రువం దరిదాపులకు వెళ్ళి అవతల దిగుతుంది. మన నుంచి సింగపూర్ వెళ్ళేది భూమధ్యరేఖ వైపు దారి కాబట్టి పటం మీది గీతకూ గ్లోబు మీది దారానికీ పెద్ద తేడా రాదు. ఆ దారి బంగాళాఖాతాన్ని ఏటవాలుగా దాటి, సగం దూరానికి నికోబార్ దీవుల దగ్గరకు చేరుతుంది. అక్కడి నుంచి సుమత్రాకూ మలయా ద్వీపకల్పానికీ మధ్యనున్న మలక్కా జలసంధి వైపు సాగుతుంది.

ఇక గంటల లెక్క. జెట్ విమానం పైకి చేరాక గంటకు 800 నుంచి 850 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 2,910ని ఆ వేగంతో భాగిస్తే మూడున్నర గంటలు వస్తుంది. కానీ టైమ్‌టేబుల్‌లో విశాఖ నుంచి సింగపూర్‌కు నాలుగు గంటలని రాస్తారు. మిగిలిన అరగంట ఎక్కడిది? విమానయాన సంస్థలు సమయాన్ని లెక్కపెట్టేది గాలిలోకి లేచిన క్షణం నుంచి కాదు. నిలిచిన చోటు నుంచి విమానం కదిలినప్పుడు మొదలుపెట్టి, అవతల నిలిచే చోట ఆగేదాకా లెక్కిస్తారు. రన్‌వే దాకా నెమ్మదిగా నడవడం, అనుమతి కోసం ఆగడం, పైకెక్కేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ వేగం తక్కువగా ఉండటం, ఉరుముల మేఘాలు అడ్డొస్తే చుట్టూ తిరిగి పోవడం, ఇవన్నీ ఆ సమయంలోనే ఇమడాలి.

దారి ఎంత చిన్నదైతే ఈ అదనపు సమయం అంత బరువుగా కనిపిస్తుంది. కౌలాలంపూర్, సింగపూర్ విమానాశ్రయాల మధ్య దూరం 300 కిలోమీటర్లు కూడా లేదు. ప్రపంచంలో అత్యంత రద్దీగా ఉండే అంతర్జాతీయ విమాన మార్గాల్లో అదొకటి. గాలిలో ఉండేది ముప్పావు గంట. టైమ్‌టేబుల్‌లో మాత్రం గంట దాటుతుంది. పదింతల దూరమున్న విశాఖ–సింగపూర్ దారికి పదింతల సమయం పట్టదు. నాలుగింతలు సరిపోతుంది. అందుకే గాలిలో దూరానికీ కాలానికీ సూటి లెక్క కుదరదు.

ఇప్పుడు అసలు ప్రయాణం చూద్దాం. మాడుగుల నుంచి ఒక తల్లి సింగపూర్‌లో ఉన్న కూతురి దగ్గరకు పురిటికి సాయం వెళుతోందనుకుందాం. విమానం రాత్రి పదకొండు గంటలకు. అంతర్జాతీయ ప్రయాణం కాబట్టి మూడు గంటల ముందే విమానాశ్రయంలో ఉండమంటారు, అంటే రాత్రి ఎనిమిదికి. మాడుగుల నుంచి విశాఖ విమానాశ్రయానికి దారం లాగితే యాభై కిలోమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. రోడ్డు అలా సూటిగా పోదు. వడ్డాది, చోడవరం, సబ్బవరం దాటుకుని వెళ్ళాలి. రెండు గంటలు పైనే అనుకోవాలి. లారీలు ఎదురైతే, వాన పడితే, టైరు పంక్చరైతే అని ఇంకాస్త చేతిలో ఉంచుకోవాలి కదా. కాబట్టి ఆ తల్లి సాయంత్రం అయిదున్నరకే ఇంటి నుంచి బయలుదేరుతుంది. పెట్టెలో హల్వా పొట్లాలు, ఊరగాయ, పసిబిడ్డకు మెత్తటి పాత చీర ముక్కలు సర్దుకుని ఉంటుంది. విమానం సింగపూర్‌లో ఆగేసరికి మన గడియారంలో తెల్లవారుజామున మూడు. పాస్‌పోర్టు తనిఖీ, సామాను, టాక్సీ అన్నీ అయి కూతురి ఇంటి తలుపు తట్టేసరికి అయిదు అవుతుంది. మొత్తం పదకొండున్నర గంటలు. అందులో విమానంలో గడిచినవి నాలుగు.

'సింగపూర్ నాలుగు గంటలే' అని మనం అనుకునే మాటలో ఈ మిగిలిన ఏడున్నర గంటలు కనిపించవు. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఆ ఏడున్నరే ప్రయాణం. విమానంలో కూర్చుని వెళ్ళే నాలుగు గంటలు విశ్రాంతి కింద లెక్క.

ఇందులో గడియారం సంగతి ఒకటుంది. ఆ తల్లి దిగేసరికి మన గడియారంలో మూడైతే, అక్కడి గోడ గడియారంలో అయిదున్నర. సింగపూర్ కాలం మనకంటే రెండున్నర గంటలు ముందు. రంగూన్ కాలం గంట ముందు, బ్యాంకాక్ గంటన్నర ముందు. టిక్కెట్టు మీద రాసేవి ఏ ఊరి సమయం ఆ ఊరిది. రాత్రి పదకొండుకు బయలుదేరి పొద్దున్న అయిదున్నరకు చేరడం చూసి ఆరున్నర గంటల ప్రయాణమని కంగారుపడేవాళ్ళుంటారు. తేడాను తీసేస్తే నాలుగే మిగులుతుంది. తిరిగొచ్చేటప్పుడు ఇదే లెక్క తారుమారై, ప్రయాణం గంటన్నరలోనే అయిపోయినట్టు కనిపిస్తుంది.

సూర్యుడి లెక్క ఇంకా ముచ్చటగా ఉంటుంది. మన దేశానికంతటికీ ప్రామాణికమైన కాలాన్ని 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం ఆధారంగా నిర్ణయించారు. మాడుగుల ఆ రేఖకు అతి దగ్గరలో ఉంది. అందువల్ల మన ఊళ్ళో గడియారానికీ సూర్యుడికీ సాధారణంగా పెద్ద పేచీ రాదు. మధ్యాహ్నం పన్నెండుకు కాస్త అటూఇటూగా నీడ అతి పొట్టిగా ఉంటుంది. సింగపూర్ మనకు 21 డిగ్రీలు తూర్పున ఉంది. సూర్యుడి ప్రకారం చూస్తే అది మనకంటే గంటా ఇరవై నాలుగు నిమిషాలే ముందు. గడియారం మాత్రం రెండున్నర గంటలు ముందుంటుంది. 1982 జనవరి 1న మలేషియా తన రెండు భాగాలకూ ఒకే కాలాన్ని నిర్ణయించినప్పుడు మలయా ద్వీపకల్పం గడియారాలు అరగంట ముందుకు జరిగాయి. సింగపూర్ కూడా దానితో పాటే జరిగింది. అందుకే అక్కడ ఏడాది పొడుగునా తెల్లవారేది ఇంచుమించు ఏడింటికి. అయిదున్నరకు దిగిన మన తల్లికి ఇంకా గంటన్నర చీకటే. ఆమె ఒంటికి అది నిద్రపోవలసిన వేళ, కూతురి ఇంట్లో అది కాఫీ వేళ. మొదటి రోజు ఆమెను పడుకోనివ్వండి. అలసట వయసుదే అనుకోవద్దు, గడియారానిది కూడా.

ఇక రంగం సంగతికి వద్దాం.

రంగూన్ ఉన్న బర్మా 1937 ఏప్రిల్ 1 దాకా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. టిక్కెట్టు డబ్బులుంటే చాలు. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి లక్షకు పైగా తెలుగువాళ్ళు అక్కడ ఉండేవారు. రేవులో బస్తాలు మోసిందీ, బియ్యం మిల్లుల్లో పని చేసిందీ, రిక్షాలు లాగిందీ చాలావరకు వాళ్ళే. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులు. చాలామంది అక్కడే ఉండిపోవాలని వెళ్ళలేదు. మిల్లుల పని ఉన్నన్నాళ్ళు ఉండి, నాలుగు డబ్బులు కూడబెట్టి, ఊరికొచ్చి అప్పు తీర్చి, మళ్ళీ వెళ్ళేవారు. అలా వెళ్ళి రావడం సాధ్యమైంది దారి నేరుగా ఉండబట్టే.

ఆ దారి ఎలా ఉండేదో ఒక్కసారి ఊహించండి. విశాఖలో ఓడరేవు కట్టకముందు స్టీమరు ఒడ్డుకు రాలేదు. భీమిలి, విశాఖ, కళింగపట్నం తీరాల్లో అది సముద్రంలో దూరంగా లంగరు వేసి నిలిచేది. ఒడ్డు నుంచి మనుషుల్ని మసూలా పడవల్లో తీసుకెళ్ళేవారు. ఆ పడవకు మేకులుండవు. పలకల్ని కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టేవారు. కెరటం కొట్టినప్పుడు పలకలు విరగకుండా వంగి లేస్తాయి. మోకాలి లోతు నీళ్ళలో నడిచి పడవెక్కి, కెరటాలు దాటి, ఊగుతున్న ఓడ పక్కన నిచ్చెన పట్టుకోవాలి. పైకెక్కాక కూలివాడికి గది ఉండదు. డెక్ మీద చాప పరుచుకున్న చోటే అతని ఇల్లు. కొండ కింది పల్లెలో పుట్టి, అంతదాకా సముద్రంలో కాలు పెట్టని మనిషికి అది ఎంత భయం, ఎంత ధైర్యం!

స్టీమరు గంటకు పది నాటికల్ మైళ్ళు పోతుందనుకుంటే రంగూన్‌కు మూడు రోజులు దాటుతుంది. దారిలో ఇతర రేవుల దగ్గర ఆగితే ఇంకా పడుతుంది. చివరికి ఇరావతీ డెల్టా పక్కగా రంగూన్ నదిలోకి ప్రవేశించి ఊరు చేరాలి. మూడు నాలుగు రోజులు. కష్టమైన ప్రయాణమే. కానీ ఎక్కిన ఓడ దిగేది రంగూన్‌లోనే.

1933 అక్టోబర్ 7న విశాఖ ఓడరేవులోకి మొదటి ఓడ వచ్చింది. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ వారి జలదుర్గ. అప్పటి నుంచి మసూలా పడవ అవసరం లేకుండా గట్టు మీద నుంచే ఓడ ఎక్కే వీలు మన తీరానికి కలిగింది. అదే ఏడాది చివరికి లండన్ నుంచి వచ్చే ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమాన మార్గం కలకత్తా, రంగూన్ మీదుగా సింగపూర్ దాకా సాగింది. అంటే ఆ రోజుల్లో రంగూన్ ఇటు సముద్ర మార్గానికీ, అటు గగన మార్గానికీ పెద్ద కూడలి. సింగపూర్ వెళ్ళే విమానానికి రంగూన్ దారిలో ఊరు.

ఆ దారి ఎలా తెగిందో తెలుసుకోవాలి. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టుకోవడం, సమ్మె ముగిశాక వారిని తొలగించడం పెద్ద అల్లర్లకు దారితీసి ఎందరో తెలుగువాళ్ళు చనిపోయారు. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఓడల్లో చోటు దొరికినవాళ్ళు అదృష్టవంతులు. దొరకని లక్షలాది మంది అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడిచి వచ్చారు. వేలాది మంది దారిలోనే ఆకలితో, మలేరియాతో, కలరాతో రాలిపోయారు. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి. యుద్ధం తరవాత కొందరు తిరిగి వెళ్ళారు. 1962లో అక్కడ సైన్యం అధికారానికి వచ్చి దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక మళ్ళీ వలస మొదలైంది. విశాఖ కంచరపాలెం దగ్గరున్న బర్మా క్యాంపు అలా కట్టుబట్టలతో వచ్చినవాళ్ళు నిలదొక్కుకున్న చోటు.

ఇవాళ విశాఖ నుంచి రంగూన్‌కు నేరుగా విమానం లేదు. కలకత్తా మీదుగా వెళితే 1,370 కిలోమీటర్లు కాస్తా 1,800 అవుతుంది. బ్యాంకాక్ మీదుగా వెళితే బర్మా దక్షిణ భాగాన్ని దాటి ముందుకుపోయి, మళ్ళీ 580 కిలోమీటర్లు వెనక్కి రావాలి. మొత్తం 2,490. మధ్యలో రెండో విమానం కోసం గంటల తరబడి కాచుకోవాలి. పైగా 2021 ఫిబ్రవరిలో అక్కడ సైన్యం మళ్ళీ అధికారం చేజిక్కించుకున్నాక దేశం ప్రశాంతంగా లేదు. ఢిల్లీకి రెండు గంటల పైచిలుకులో పోతాం. అంతే దూరంలో ఉన్న రంగూన్‌కు ఒక రోజు చాలడం కష్టం. రెండింతల దూరంలో ఉన్న సింగపూర్‌కు రాత్రి ఎక్కి తెల్లవారేలోగా చేరుతున్నాం. దగ్గరిది దూరమైంది, దూరపుది దగ్గరైంది. సముద్రం ఒక్క మైలు కూడా సాగలేదు, ముడుచుకోలేదు. దారి మారింది, అంతే.

దారులు వాటంతటవి ఉండవు. ఎవరో వేస్తే ఉంటాయి, నడిచేవాళ్ళుంటే నిలుస్తాయి. మద్రాసు నుంచి సింగపూర్‌కు చాలా ఏళ్ళు ప్రయాణికుల ఓడలు నడిచాయి. 1985లో చిదంబరం అనే ఓడలో అగ్నిప్రమాదం జరిగాక ఆ అధ్యాయం ముగిసింది. విశాఖ నుంచి సింగపూర్‌కు 2011 అక్టోబర్‌లో సిల్క్‌ఎయిర్ విమానాలు మొదలయ్యాయి. 2019 అక్టోబర్‌లో ఆ మార్గాన్ని స్కూట్ తీసుకుంది. 2024 ఏప్రిల్‌లో ఎయిర్ ఏషియా బ్యాంకాక్‌కూ, కౌలాలంపూర్‌కూ మొదలుపెట్టింది. కౌలాలంపూర్ మనకు కొత్త ఊరు కాదు. మలేషియాలో పేరక్ రాష్ట్రపు బగాన్ దాతో ప్రాంతంలో కొబ్బరి తోటల పనికి వెళ్ళిన మన తెలుగువాళ్ళ మనవలు ఇప్పటికీ ఉన్నారు. ఇలాంటి నేరు విమానాలు మొదలైనప్పుడు పండుగ చేసుకుంటాం, ఆగిపోయినప్పుడు పట్టించుకోం. ఒక మార్గం నిలవాలంటే సీట్లు నిండాలి. అది మనం కూడా గుర్తుంచుకోవాలి.

ఇంకొక ముఖ్యమైన సంగతి. కౌలాలంపూర్ విమానాశ్రయం ఊరికి యాభై కిలోమీటర్ల పైన దూరంలో ఉంది. కానీ ఆగకుండా పోయే రైలు అక్కడి నుంచి 28 నిమిషాల్లో ఊరి మధ్యకు చేరుస్తుంది. మాడుగుల నుంచి విశాఖ విమానాశ్రయం సూటిగా చూస్తే అంతే దూరం. మనకు పట్టేది రెండు గంటలు పైనే. సముద్రం మీద 2,910 కిలోమీటర్ల దారిని నాలుగు గంటలకు కుదించిన కాలంలో ఉన్నాం. భీమిలి–నర్సీపట్నం రోడ్డు మీద ఈ కొద్ది కిలోమీటర్లను మాత్రం కుదించుకోలేకపోతున్నాం. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట కడుతున్న అంతర్జాతీయ విమానాశ్రయం విమానాలకు మంచి వసతి. కానీ మనకు అది ఇప్పటి విమానాశ్రయం కంటే ఇంకా దూరం. గాలిలో మిగిలిన అరగంటను నేల మీద గంటగా పోగొట్టుకుంటే లాభమేముంది? చోడవరం, మాడుగుల, నర్సీపట్నం వైపుల నుంచి విమానాశ్రయానికి వేళకు నడిచే బస్సు, గుంతలు లేని రోడ్డు, ఈ రెండూ కొత్త విమానం ఎంత అవసరమో అంతే అవసరం. అడగవలసినవాళ్ళం మనమే. పిల్లల్ని విదేశాలకు పంపినవాళ్ళూ, ముసలితనంలో వాళ్ళ దగ్గరకు వెళ్ళి రావలసినవాళ్ళూ గొంతు కలిపి అడగాలి.

చివరగా ఒక మనవి. మీ ఇంట్లో రంగం వెళ్ళొచ్చిన తాత కథ తెలిసిన పెద్దలుంటే, ఆ వివరాలు ఈ వారమే రాయించి పెట్టుకోండి. ఏ రేవులో ఓడెక్కారు, ఎన్నాళ్ళకు చేరారు, ఎలా తిరిగొచ్చారు, ఎవరు అక్కడే ఉండిపోయారు. అవతలి ఒడ్డున మన ఇంటిపేర్లతో బతుకుతున్న మనుషులున్నారు. ఇవాళ రాకపోకలు తెగినా, దేశాలు కుదుటపడ్డాక దారి మళ్ళీ పడే రోజు రావచ్చు. అప్పుడు ఎవరి ఇంటికి వెళ్ళాలో మన పిల్లలకు తెలిసి ఉండాలి. రంగూన్ మనకు ఢిల్లీ అంత దగ్గర. దాన్ని దూరం చేసింది మనుషులు కాబట్టి, మళ్ళీ దగ్గర చేయగలిగేది కూడా మనుషులే.